గోల్ఫ్‌లో పాడయ్యేది తర్వాతి దెబ్బ

సంపాదకులకు,

అయ్యా,

ఉద్యోగ విరమణ తర్వాత నేను జూనియర్ గోల్ఫ్ పోటీలలో పిల్లలతో పాటు నడుస్తూ వారి స్కోరు రాసే పని చేస్తున్నాను. గత నెల అలాంటి ఒక పోటీలో నాకు అప్పగించిన ముగ్గురిలో ఒక అబ్బాయికి పదమూడేళ్లు. ఆరు హోళ్ల వరకు (ఒక్కో గుంతలోకి బంతిని చేర్చే ఒక్కో అంచెను హోల్ అంటారు) ఎంతో చక్కగా ఆడాడు. ఏడో హోల్ గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే కురచ గడ్డి మీద, అతని బంతికీ గుంతకూ మధ్య రెండడుగుల దూరమైనా లేదు. మెల్లగా నెట్టాడు, బంతి గుంత అంచును చుట్టి వచ్చి బయటే ఆగిపోయింది. ఆ పిల్లవాడు పటర్‌ను, బంతిని నేల మీద దొర్లించే ఆ క్లబ్బును (ఆట కర్రను), రెండు చేతులతో ఎత్తి గ్రీన్ మీద బలంగా కొట్టాడు. బొటనవేలు పట్టేంత గుంట పడింది. తాడు అవతల నిలబడిన తండ్రి, "ఏకాగ్రత లేదురా నీకు, ఎన్నిసార్లు చెప్పాలి!" అని అందరికీ వినబడేలా అరిచారు. అబ్బాయి వంగి ఆ గుంటను వేళ్లతో సర్దాడు గానీ తల మాత్రం ఎత్తలేదు. ఎనిమిదో హోల్‌లో తక్కువ దూరం కొట్టే ఐరన్‌తో సరిపోయే చోట, అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్ తీశాడు. బంతి కుడివైపు సరుగుడు చెట్లలోకి పోయింది. పార్ 4 హోల్‌కు, అంటే నాలుగు దెబ్బలలో ముగించవలసిన హోల్‌కు, 8 రాశాను. దాని తర్వాతిదీ పార్ 4 హోలే, దానికి 7 రాశాను.

ఆ రోజు కార్డు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. తక్కువ స్ట్రోకులు (దెబ్బలు) ఆడినవారే గెలిచే ఆటలో, గుంతలో పడని ఆ పట్ (గ్రీన్ మీద మెల్లగా నెట్టే దెబ్బ) వల్ల పోయింది ఒక్క స్ట్రోకు. ఆ కోపం వల్ల తర్వాతి రెండు హోళ్లలో పోయినవి ఏడు. కోపం గురించి మనం పిల్లలకు చెప్పే మాటలన్నీ తప్పిన ఆ ఒక్క దెబ్బ చుట్టూనే తిరుగుతాయి. నష్టం జరుగుతున్నది మాత్రం దాని తర్వాత. ఈ సంగతి ఆటగాళ్లకూ, తల్లిదండ్రులకూ, మీ వంటి పత్రికల క్రీడా పేజీలు రాసేవారికీ తెలియాలన్న కోరికతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మిగతా ఆటలలో కోపానికి ఏదో ఒక దారి దొరుకుతుంది. ఫాస్ట్ బౌలర్ సిక్సర్ ఇచ్చిన కసిని తర్వాతి బంతి వేగంలో చూపించగలడు. కబడ్డీలో పట్టుబడిన ఆటగాడు మళ్లీ కూతకు వెళ్లినప్పుడు ఆ రోషం కాళ్లలోకి వస్తుంది. గోల్ఫ్‌లో బంతి కదలదు, ఎదురుగా ఎవరూ రారు, ఎవరినీ నెట్టనక్కర లేదు. 46 గ్రాముల బరువైనా లేని బంతిని నాలుగుంపావు అంగుళాల వెడల్పున్న గుంతలోకి చేర్చడమే మొత్తం పని. కోపంలో వచ్చే అదనపు బలం అక్కడ ఎందుకూ కొరగాదు. పైగా అది నేరుగా చేతుల్లోకి దిగుతుంది. పిడి మీద వేళ్లు బిగుసుకుంటాయి, ముంజేతులు గట్టిపడతాయి, మణికట్టు స్వేచ్ఛగా తిరగదు, భుజాలు చెవుల దగ్గరికి ఎగబాకుతాయి, క్లబ్బు వెనక్కి పూర్తిగా వెళ్లకముందే కిందికి దిగడం మొదలవుతుంది. ఆడినవారెవరైనా ఒకసారి కోపంగా ఉన్నప్పుడు తమ చేతి తొడుగు తీసి అరచేతిని చూసుకుంటే ఈ సంగతి అక్కడే కనిపిస్తుంది.

చేతుల కంటే ముందు పాడయ్యేది నిర్ణయం. పోయిన స్ట్రోకును వెంటనే, వడ్డీతో సహా రాబట్టాలన్న తొందర మనిషిని పట్టుకుంటుంది. చెట్ల మధ్య నుంచి పక్కకు తీసి ఫెయిర్‌వేలో (చదునైన గడ్డి దారిలో) పెట్టుకోవలసిన బంతిని రెండు కొమ్మల సందులోంచి నేరుగా గ్రీన్‌కు పంపాలనిపిస్తుంది. నీటిని దాటించే దూరం తన చేతిలో లేదని పొద్దున తెలిసినవాడికే మధ్యాహ్నం ఆ దూరం చిన్నదిగా కనిపిస్తుంది. నేను స్కోరు రాసిన పిల్లవాడు డ్రైవర్ తీయడం సరిగ్గా ఇదే.

ఈ విషయం మాట్లాడేటప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చేది అమెరికా గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్. 1902లో అట్లాంటాలో పుట్టిన ఆయన పద్నాలుగేళ్ల వయసులోనే, 1916లో, అమెరికా అమెచ్యూర్ (ఆటను వృత్తిగా చేసుకోనివారి) పోటీలో ఆడాడు. ఆ వయసుకు అంతటి ఆట ఎవరికీ లేదని అందరూ అనేవారు. క్లబ్బులు విసిరేసే అంతటి కోపం కూడా ఎవరికీ లేదనేవారు. 1921లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన బ్రిటన్ ఓపెన్ పోటీ మూడో రౌండ్‌లో మొదటి తొమ్మిది హోళ్లకే 46 స్ట్రోకులు అయ్యాయి, పదో హోల్ కూడా పాడైంది, పదకొండో హోల్‌లో బంతి ఇసుక బంకర్‌లో చిక్కుకుంది. పందొమ్మిదేళ్ల జోన్స్ ఆ హోల్ పూర్తి చేయకుండానే బంతిని చేతిలోకి తీసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. గోల్ఫ్ పుట్టినిల్లుగా చెప్పుకునే చోట అలా ఆట మధ్యలో వదిలేయడం చిన్న విషయం కాదు. తర్వాత జీవితమంతా ఆ రోజును తలచుకుని ఆయన బాధపడ్డాడు.

నాలుగేళ్ల తర్వాత, 1925లో, అమెరికా ఓపెన్‌లో అదే మనిషి పొడవాటి గడ్డిలో దెబ్బకు సిద్ధమవుతుండగా బంతి కొద్దిగా కదిలింది. చూసినవారు ఎవరూ లేరు. అధికారులు కూడా ఆయన మాటకే వదిలేశారు. తన మీద తానే ఒక స్ట్రోకు శిక్ష వేసుకున్నాడు. పోటీ సమంగా ముగిసి, విజేతను తేల్చే అదనపు ఆటలో విల్లీ మెక్‌ఫార్లేన్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఒక్క స్ట్రోకు లేకపోతే కప్పు ఆయనదే. 1927లో మళ్లీ సెయింట్ ఆండ్రూస్‌కు వెళ్లి, ఆరేళ్ల క్రితం వదిలి వచ్చిన అదే మైదానంలో, 285 స్ట్రోకులతో ఓపెన్ గెలిచాడు. 1930లో బ్రిటన్, అమెరికా దేశాల ఓపెన్, అమెచ్యూర్ పోటీలు నాలుగూ ఒకే ఏడాదిలో గెలిచి, ఇరవై ఎనిమిదేళ్లకే పోటీ ఆట నుంచి విరమించాడు. 1958లో సెయింట్ ఆండ్రూస్ పట్టణం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది.

ఈ కథను చాలామంది "కోపాన్ని జయించాడు, అన్నీ గెలిచాడు" అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. అది సగం మాటే అని నా అభిప్రాయం. పెద్ద పోటీల రోజుల్లో జోన్స్ సరిగా తినలేకపోయేవాడు. పోటీ ముగిసేసరికి చెప్పుకోదగినంత బరువు తగ్గేవాడు. క్లబ్బులు విసరడం మానేశాడు గానీ లోపలి మంట ఆరలేదు, దాన్ని లోపలే ఉంచుకుని మోశాడు. అంత చిన్న వయసులో ఆట చాలించడానికి ఆ బరువు కూడా ఒక కారణమని ఆయన గురించి చదివినవారికి అర్థమవుతుంది. అందుకే "కోపాన్ని దిగమింగు" అని పిల్లలకు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. దిగమింగిన కోపం పోయినట్టు కాదు. దాన్ని ఒక దెబ్బ నుంచి మరో దెబ్బకు మోసుకుపోకుండా ఎక్కడో ఒకచోట దించడం నేర్పాలి.

ఒక తప్పు ఆటగాడిది కానప్పుడు ఆ పని ఇంకా కష్టం. 2001 బ్రిటన్ ఓపెన్ చివరి రోజున వేల్స్ ఆటగాడు ఇయన్ వూస్నమ్ మొదటి హోల్‌లో బర్డీ (పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) కొట్టి అగ్రస్థానంలో ఉన్నవారి సరసన చేరాడు. రెండో హోల్ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గరికి వచ్చాక, సంచిలో ఉండవలసిన పద్నాలుగు క్లబ్బులకు బదులు పదిహేను ఉన్నాయని సంచి మోసే కేడీ చెప్పాడు. రెండు స్ట్రోకుల శిక్ష పడింది. వూస్నమ్ ఆ అదనపు క్లబ్బును తీసి విసిరేశాడు, టోపీ కూడా నేల మీద కొట్టాడు. ఆ వెంటనే మూడు హోళ్లలో రెండు బోగీలు (పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువ) వచ్చాయి. తర్వాత కూడగట్టుకుని ఆడి, విజేత డేవిడ్ డువాల్ కంటే నాలుగు స్ట్రోకులు వెనుక, మూడో స్థానంలో సమంగా నిలిచాడు. అందరూ కేడీ పొరపాటు ఖరీదు రెండు స్ట్రోకులు అంటారు. ఆ బోగీలను కూడా కలిపితే ఆ లెక్క నాలుగు. ఆ మనిషి కోపంలో న్యాయం లేదని ఎవరూ అనలేరు. కోపం న్యాయమైనదా కాదా అన్నది బంతికి పట్టదు.

ఇక ఏకాగ్రత సంగతి. ఆ మాట మన ఇళ్లలో చదువుల దగ్గర నుంచి వచ్చినది కాబట్టి, నాలుగైదు గంటలు ఒకే ధ్యాసతో కూర్చోవడమే ఏకాగ్రత అనుకుంటాం. గోల్ఫ్‌కు ఆ లెక్క కుదరదు. పద్దెనిమిది హోళ్ల ఆటకు నాలుగు గంటలకు పైగా పడుతుంది. ఒక్కో స్వింగ్‌కు పట్టేది సెకనున్నర. 72 స్ట్రోకులు ఆడినవాడు నిజంగా బంతిని కొట్టిన సమయం మొత్తం కలిపినా రెండు నిమిషాలు దాటదు. మిగిలిన కాలమంతా నడక, ఎదురుచూపు, గాలిని చూడడం, నీళ్లు తాగడం, ఆలోచించడం. ఆలోచన అదుపు తప్పేది అక్కడే. నాలుగు గంటలు కళ్లు బిగబట్టి ధ్యాస నిలపాలని ప్రయత్నించే పిల్లవాడు పన్నెండో హోల్‌కల్లా అలసిపోతాడు. ఆ అలసటలో తప్పిన చిన్న పట్ మీద వచ్చే కోపం పెద్దదిగా ఉంటుంది. కోపానికీ ఏకాగ్రతకూ ఉన్న ఈ చుట్టరికాన్ని మన శిక్షకులలో చాలామంది పట్టించుకోరు. రెండింటినీ వేరువేరు గుణాలుగా చూసి, ఒకదానికి మందలింపు, మరొకదానికి ఉపదేశం ఇస్తారు.

2019 నుంచి అమలులో ఉన్న నిబంధనలు ఒక దెబ్బను 40 సెకన్లలోపు ఆడమని సూచిస్తాయి. ఆట త్వరగా సాగాలని పెట్టిన సూచన అది. నా దృష్టిలో అంతకు మించి మంచి ఏకాగ్రత పాఠం లేదు. బంతి దగ్గరికి వచ్చాక ఆ కొద్ది సెకన్లు మాత్రమే మనసును కూడగట్టుకోవాలి: దూరం చూడాలి, క్లబ్బు ఎంచుకోవాలి, ఒకసారి లోతుగా గాలి వదలాలి, గురి చూడాలి, కొట్టాలి. కొట్టిన తర్వాత వదిలేసి, చెట్లనో పక్షులనో చూస్తూ, పక్కవాడితో మాట్లాడుతూ నడవాలి. తర్వాతి బంతి దగ్గర మళ్లీ మొదలు. మంచి ఆటగాళ్లు ప్రతి దెబ్బకూ ఒకే వరుసలో ఒకే రకమైన చిన్న చిన్న పనులు చేయడం చూసి కొత్తవారు చాదస్తం అనుకుంటారు. ముందరి దెబ్బ బాగా పడినా పాడైనా ఈ దెబ్బ అదే చోటు నుంచి మొదలుకావడానికి అది ఒక గడప లాంటిది.

గ్రీన్ మీద ఈ సంగతి కళ్లలోనే తెలుస్తుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకురాలు జోన్ వికర్స్ 1990ల మొదట్లో పట్ చేసేవారి చూపును పరికరాలతో గమనించారు. బాగా ఆడేవారి చూపు దెబ్బకు ముందు బంతి మీద కదలకుండా ఎక్కువసేపు నిలుస్తుందనీ, అంతగా రానివారి చూపు బంతికీ గుంతకూ క్లబ్బుకూ మధ్య తిరుగుతూ ఉంటుందనీ తేలింది. ఏడో హోల్‌లో ఆ అబ్బాయి కళ్లు నాకు దగ్గరగానే కనిపించాయి. బంతి కదలకముందే అవి గుంత వైపు వెళ్లిపోయాయి; గుంత నుంచి తాడు అవతలికి కూడా ఒకసారి వెళ్లాయి.

ఇక్కడ మన పత్రికల గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ మూడో రౌండ్‌ను 61 స్ట్రోకులలో ముగించి ఏడు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజుకు వచ్చింది. ఆ చివరి రోజు 77 ఆడింది. థాయ్‌లాండ్ క్రీడాకారిణి అర్పిచాయ యుబోల్ 68 ఆడి బంగారు పతకం గెలుచుకుంది. అదితికి వెండి దక్కింది. భారత మహిళకు ఆసియా క్రీడల గోల్ఫ్‌లో అదే మొదటి పతకం. అయినా మర్నాడు చదివిన వార్తల్లో ఒత్తిడికి తలవంచిందనీ, మనసు చెదిరిందనీ రాతలు చూసి నాకు చాలా బాధ కలిగింది. ఆ రోజు ఆమె మనసులో ఏముందో ఆమెకు తప్ప ఎవరికి తెలుసు? స్కోరును చూసి మనసును చదవడం న్యాయం కాదు. గాలి మారవచ్చు, పట్‌లు అంచుల దగ్గర ఆగవచ్చు, ఎదుటి ఆటగత్తె ఆ రోజు గొప్పగా ఆడవచ్చు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో, ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానంలో ఉన్న ఇదే అమ్మాయి నాలుగు రోజుల పాటు పతకాల పోటీలో నిలబడి, కాంస్యానికి ఒక్క స్ట్రోకు దూరంలో నాలుగో స్థానంలో ఆగినప్పుడు, ఆమె నిబ్బరాన్ని మెచ్చుకోని పత్రిక లేదు. రెండేళ్లలో మనిషి స్వభావం అంతగా మారిపోతుందా?

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది హాంగ్‌ఝౌ తర్వాత జరిగిన విషయం. ఆ వెండి పతకానికి రెండు నెలలు తిరక్కముందే, నవంబరులో, స్పెయిన్‌లో జరిగిన ఓపెన్ పోటీలో అదితి విజేతగా నిలిచింది. ఆ వార్తకు మన క్రీడా పేజీల్లో దక్కిన చోటు చాలా చిన్నది. ఉత్తర ఐర్లాండ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ విషయంలోనూ ఇదే చూశాం. అమెరికాలో జరిగే పెద్ద పోటీ మాస్టర్స్‌లో 2011లో నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి, పదో హోల్‌లో బంతి చెట్ల వెనుక ఉన్న ఇళ్ల దగ్గరికి పోయి, 80 ఆడి కుప్పకూలాడు. రెండు నెలలకే అమెరికా ఓపెన్‌ను ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచాడు. 2025లో చివరికి మాస్టర్స్ గెలిచిన రోజున కూడా మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ, పదమూడో హోల్‌లో బంతి నీళ్లలో పడి మరో డబుల్ బోగీ, పద్దెనిమిదో హోల్‌లో గెలిపించవలసిన చిన్న పట్ తప్పిపోవడం, అన్నీ జరిగాయి. సమంగా నిలిచిన జస్టిన్ రోజ్‌తో అదనపు హోల్ ఆడడానికి మళ్లీ అదే టీ దగ్గరికి నడిచి వెళ్లి బర్డీ కొట్టాడు. తప్పిన ఆ పట్‌కూ ఆ టీకీ మధ్య ఉన్న కొద్ది నిమిషాలలో మనసులో ఏం చేసుకున్నాడో, మా జూనియర్ పిల్లలకు నేర్పవలసింది అదే.

విశాఖలోనూ, హైదరాబాద్‌లో గోల్కొండ పక్కన నయాఖిలాలోనూ గోల్ఫ్ ఆడే పిల్లలు ఇప్పుడు కనిపిస్తున్నారు. స్వింగ్ నేర్పేవారు, వీడియో తీసి మోచేతి కోణం చూపించేవారు ఉన్నారు. తప్పిన దెబ్బ తర్వాత నూట యాభై అడుగులు ఎలా నడవాలో నేర్పేవారు నాకు తెలిసి చాలా తక్కువ. నేను కొత్తగా ఆడుతున్న రోజుల్లో నా సంచి మోసిన కేడీ ఒకాయన ఉండేవారు. ఆయన ఏ శిక్షణ సంస్థలోనూ చదువుకోలేదు. బంతి పాడైన ప్రతిసారీ నా చేతిలోంచి క్లబ్బు తానే తీసుకుని, తడి గుడ్డతో తీరిగ్గా తుడిచి, సంచిలో పెట్టేవారు. "పోయిందేదో పోనాది బాబూ. సేతులు కాస్త వొదులు సేయండి," అనేవారు. ఆ తుడవడం పూర్తయ్యే లోపల నా ఊపిరి కుదుటపడేది. క్లబ్బు సంచిలోకి వెళ్లిందంటే ఆ దెబ్బ ముగిసినట్టే అని నాకు తెలియకుండానే అలవాటు చేశారు. ఇప్పుడు నాతో నడిచే పిల్లలకు నేను చెప్పేది ఇంతే: క్లబ్బు తుడిచే వరకు కోపం నీది, ఎంతైనా పడు, గుడ్డ సంచికి తగిలించాక ఆ దెబ్బ గురించి మాట్లాడకూడదు. కొందరికి ఇది పనిచేసింది, కొందరికి ఇంకా పనిచేయలేదు. గ్రీన్‌ను కొట్టడం, క్లబ్బు విసరడం మాత్రం ఈ "ఎంతైనా" కిందికి రావు. మైదానం మన వెనుక ఆడుతూ వచ్చేవారిది కూడా. కోపంతో విరగ్గొట్టుకున్న క్లబ్బుకు బదులు ఆ రౌండ్‌లో ఇంకొకటి తెచ్చుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవన్న సంగతి కూడా వారికి ముందే చెప్పాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. రౌండ్ నడుస్తున్నప్పుడు "ఏకాగ్రత" అన్న మాట పలకవద్దు. ఆ మాట వినగానే పిల్లవాడి ధ్యాస బంతి నుంచి మీ ముఖం మీదికి వస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్లాక, భోజనం అయ్యాక, కార్డు ముందు పెట్టుకుని మాట్లాడండి. మొత్తం స్కోరు గురించి కాకుండా, బోగీ వచ్చిన ప్రతి హోల్ పక్కన దాని తర్వాతి హోల్‌లో ఏం జరిగిందో పిల్లవాడి చేతనే వేలు పెట్టి చూపించమనండి.

పోటీల నిర్వాహకులకూ, మీ పత్రికకూ కూడా ఇదే చెప్పాలని ఉంది. అమెరికాలో వృత్తి ఆటగాళ్ల పోటీలు నడిపే పీజీఏ టూర్ ప్రతి ఆటగాడి గణాంకాల్లో "బౌన్స్ బ్యాక్" అనే లెక్క ఒకటి ప్రకటిస్తుంది. బోగీ లేదా అంతకంటే చెడ్డ స్కోరు వచ్చిన వెంటనే, తర్వాతి హోల్‌లో బర్డీ లేదా అంతకంటే మంచి స్కోరు ఎన్నిసార్లు సాధించాడన్నది ఆ లెక్క. మన జూనియర్ పిల్లలకు బర్డీ అంత పెద్ద కొలత అక్కరలేదు. బోగీ తర్వాత పార్ వచ్చినా చాలు. స్కోరు కార్డులు ఎలాగూ నిర్వాహకుల దగ్గరే ఉంటాయి, లెక్కవేయడానికి పావుగంట పడుతుంది. మీ పేజీలో ప్రస్తుతం విజేత పేరు, మొత్తం స్ట్రోకులు మాత్రమే వస్తున్నాయి. వాటి కింద, ఆ రోజు బోగీల తర్వాత ఎక్కువసార్లు నిలదొక్కుకున్న పిల్లవాడి పేరో పిల్ల పేరో కూడా ఒక్క వరుస వేయమని కోరుతున్నాను.

నేను ఏడు స్ట్రోకుల నష్టం రాసిన ఆ అబ్బాయి రెండో తొమ్మిది హోళ్లలో మూడు బోగీలు చేశాడు. మూడింటి తర్వాతా పార్ వచ్చింది. జాబితాలో అతని పేరు చాలా కిందికి ఉంది కాబట్టి ఆ సంగతి అతనికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పోటీ అయ్యాక కార్డు మీద ఆ మూడు చోట్లా పెన్సిల్‌తో చిన్న గీత గీసి చూపించాను. చాలాసేపు చూసి, కార్డును ఒకసారి ఫోటో తీసుకుంటానని అడిగాడు.

ఇట్లు
మీ పాఠకుడు,
విశాఖపట్నం